తక్కెడ పక్కన కుంచెడు బియ్యం

ఆకాశంలో అలల్ని పట్టే పనికి మా ఇంటి బియ్యం కొట్టుగది కావాలని మా మరిది అడిగిన రోజున మా అత్తగారు అడిగింది ఒక్కటే ప్రశ్న. "మరి నా ఆవకాయ జాడీలు ఎక్కడెట్టుకోనురా?" ఆకాశం సంగతి ఆవిడ అప్పుడూ అడగలేదు, ఆ తర్వాత కూడా చాలాకాలం అడగలేదు.

మాది రాజాంలో ధాన్యం వ్యాపారం. అప్పటికింకా రాజాం శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. నేను అరసవల్లి నుంచి ఆ ఇంటికి పెద్దకోడలిగా వచ్చాను. మా పుట్టింటి వాళ్లకి దేవుడంటే సూర్యుడు. అత్తవారికి దేవుడంటే తక్కెడ. పొద్దున్నే కొట్టు తియ్యగానే తక్కెడకి పసుపు రాసి బొట్టు పెట్టాలి. మొదటి తూకం తూచేటప్పుడు "ఒకటి" అనకూడదు, "లాభం" అనాలి. అవతలివాడికి ఒళ్లు మండినా సరే, లాభం నుంచే లెక్క మొదలు. ఇక సందె దీపం పెట్టాక తక్కెడ పళ్లెం ఖాళీగా వదలకూడదు. నాలుగు బియ్యం గింజలైనా అందులో వెయ్యాలి. ఖాళీ తక్కెడ రాత్రంతా ఊరికే ఉండదట, ఇంట్లోవాళ్ల ఆకలి తూస్తుందట. తెల్లారేసరికి అది నిజమై కూర్చుంటుందట.

ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాక ఈ ఆచారం పోతుందనుకున్నాను. పోలేదు. సాయంత్రం తలుపులు వేసే ముందు మా అత్తగారు వెళ్లి ఆ కాటా మీద కూడా నాలుగు గింజలు వేసేవారు. అది మాత్రం ఎర్రటి అంకెల్లో సున్నా చూపిస్తూనే ఉండేది. లక్ష్మిని నెత్తిన పెట్టినా తెలీని మొద్దు తక్కెడని ఆవిడకి దానిమీద చివరిదాకా చిన్నచూపే.

ఆ ఇంట్లో పుట్టి తూకం రాని మగపిల్లాడు మా మరిది ఒక్కడే. చిన్నప్పుడు కొట్టులో కూర్చోబెడితే, ముల్లు మధ్యకి వచ్చాక కూడా సరుకు ఇచ్చేవాడు కాదట. ముల్లు ఇంకా వణుకుతోందని చూస్తూ కూర్చునేవాడట. అది పూర్తిగా ఆగేదాకా చూసి తలెత్తేసరికి బేరానికొచ్చినవాడు పక్క కొట్టులో ఉండేవాడు. మావగారు వాడిని చదువుకి పంపించింది సరస్వతి మీద భక్తితో కాదు, వ్యాపారం మీద జాలితో.

అలా చదివి చదివి అతను మా దగ్గర్లోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరయ్యాడు. విశాఖపట్నంలో ఒక ప్రొఫెసరు గారి దగ్గర డాక్టరేటుకి పేరు రాయించుకుని, అందరిలాగే ఏళ్ల తరబడి ఈడ్చాడు. అంతలో కాలేజీవాళ్లు డాక్టరేటు లేనివాళ్లని వచ్చే ఏడాది ఉంచబోమని చెప్పేశారు. యూనివర్సిటీవాళ్లు ఇచ్చిన గడువు కూడా అయిపోవచ్చింది. ఇంకోసారి పొడిగించాలంటే ప్రొఫెసరు గారు స్వయంగా వచ్చి పని చూసి సంతకం పెట్టాలి. ఆ సంతకం పడకపోతే మా మరిది గతి ధాన్యం కొట్టే.

మావగారు కొట్టులో తన పక్కన ఇంకో కూర్చునే పరుపు వేయించారు. కొత్త దూది కొట్టించి, మీద తెల్ల గలీబు తొడిగించి, ఎవరినీ కూర్చోనివ్వకుండా ఉంచారు. మా మరిది ఆ పక్కగా వెళ్లేటప్పుడు మొహం అవతలకి తిప్పుకుని నడిచేవాడు. ఆ పరుపుకి అతను భయపడినట్టు నేను పాముకైనా భయపడలేదు.

ఇంతకీ ఆ పనేమిటో నాకు అతనే చెప్పాడు, నేను చింతపండులో ఈనెలు తీస్తుంటే. ఆకాశంలో అలలు దొరికాయని టీవీలో ఊదరగొట్టిన ఏడాది అది. కృష్ణబిలాలని ఉంటాయట. పేరు బాగానే పెట్టారు. మన సూర్యుడికన్నా ఎన్నో రెట్లు బరువైనవి రెండు, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి గుద్దుకుంటే చోటు చోటే అదురుతుందట. ఆ అదురు మన దాకా వచ్చేసరికి మనిషీ, ఇల్లూ, భూమీ అన్నీ పిసరంత సాగి ముడుచుకుంటాయట. నేనూ సాగుతానా అని అడిగాను. సాగుతావు వదినా అన్నాడు. నా జాకెట్లు బిగుతైపోతున్నది దీనివల్లేనా అన్నాను. కాసేపు నిజంగానే ఆలోచించి, కాదు, అది వేరే అన్నాడు. అంత నిజాయితీ ఉన్నవాడు కొట్టులో ఎలా బతుకుతాడు?

గబగబా వచ్చిపోయే అదుర్లని నేలమీదే పట్టారట. నెమ్మదివి కొన్ని ఉంటాయి. ఒక అల వచ్చి వెళ్లడానికి గంటలు పట్టేవి. వాటిని నేలమీద పట్టడం కుదరదట, ఎందుకంటే నేల ఒక్క క్షణం కుదురుగా ఉండదు. లారీ వెళ్తే అదురు, సముద్రం కొడితే అదురు, ఈదురుగాలికి అదురు. అందుకని మూడు ఉపగ్రహాల్ని ఆకాశంలో ముక్కోణంగా, లక్షల మైళ్ల ఎడంతో పెడతారట. ఒక్కోదాని కడుపులో ఒక లోహపు దిమ్మెని దేనికీ తగలకుండా వదిలేసి, దిమ్మెకీ దిమ్మెకీ మధ్య దూరాన్ని వెలుగుతో కొలుస్తారట. ఆ మూడూ ఎగరడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది. ఈలోగా దిమ్మె ఎంత కుదురుగా ఉండగలదో చూడ్డానికి ఒక చిన్నదాన్ని పైకి పంపి పరీక్షిస్తున్నారట.

అల వస్తే దిమ్మె కదులుతుంది, బాగానే ఉంది. కాని అల రాకపోయినా దిమ్మె తన మానాన తను వణుకుతుంది. కాస్త వేడికి, కాస్త కరెంటుకి, మిగిలిన గాలి రేణువేదో తగిలి. ఆ సొంత వణుకు ఎంతో ముందు తెలియాలి. అంతకన్నా పెద్ద కదలిక వస్తే అది లోకం పంపిన కబురు. అంతకన్నా చిన్నది దాని సొంత గొడవలో కలిసిపోతుంది. దాన్నే కాగితం మీద గీతగా గీస్తారు. గీతకి పైనున్నది తెలుస్తుంది, కిందున్నది తెలీదు. మన కొట్టు కాటాకి నాలుగు గింజలు తెలీవు కదా వదినా, ఎన్ని గింజల దగ్గర మేలుకుంటుందో అదే దాని గీత అన్నాడు. పైకి పంపే వాటి గీత ఎంత కిందకి దిగితే అంత గొప్పట. ఆ గీతని నేలమీద ఉండి కొంచెమైనా కొలవాలంటే, వెంట్రుకలాంటి తీగకి ఒక కడ్డీ వేలాడదీసి, అది ఎంత కుదురుగా ఉంటుందో, ఎంత చిన్న లాగుడు దానికి తెలుస్తుందో చూడాలి. అదే అతని పని. కాలేజీలో చోటిచ్చారు గాని అది జనరేటరు గది పక్కన. అక్కడ కుదురుగా ఉండేది వాచ్‌మన్ ఒక్కడేనట.

మా కొట్టుగది అలా కాదు. మూరెడు మందం మట్టిగోడలు, కిటికీ లేదు, కింద రాతిపలకలు. పాత రోజుల్లో ఇంటి బియ్యమంతా అందులోనే ఉండేది. ధాన్యం గొడౌను బొబ్బిలి రోడ్డుకి మారాక అందులో మిగిలినవి ఒక ఇత్తడి కుంచం, రెండు డబ్బాల బియ్యం, జాడీలు. జాడీల మీద తల్లీ కొడుకులు గట్టిగానే పోట్లాడుకున్నారు. చివరికి జాడీలు మా పడకగదిలోకి వచ్చాయి. ఆ మాట అడిగిన ప్రతివాళ్లకీ మా ఆయన, సైన్సు కోసం నా సంసారంలో ఆవ ఘాటు పెరిగిందని చెప్పేవారు.

సామాను వచ్చింది. మూతపడిన మిఠాయి కొట్టు నుంచి ఒక గాజుపెట్టె కొనుక్కొచ్చాడు. దాన్ని కడిగి కడిగి ఆరబెట్టినా జంతికల వాసన పోలేదు. దాని పైకప్పు నుంచి సన్నటి తీగ, తీగకి అడ్డంగా కడ్డీ, కడ్డీకి రెండు చివర్లా రెండు సీసపు గుండ్లు, మధ్యన ఒక చిన్న అద్దం. అద్దం మీద ఎర్ర వెలుగు పడి గోడకి కొడుతుంది. కడ్డీ వెంట్రుకవాసి తిరిగినా గోడమీద చుక్క బెత్తెడు జరుగుతుంది. ఆ చుక్క వైపే కన్నేసిన ఒక కెమెరా, దాని నుంచి తీగ మా వీధి వరండాలో కంప్యూటరుకి.

అంతా బిగించాక తల్లిని పిలిచి చూపించాడు. ఆవిడ ఆ పక్క నుంచీ ఈ పక్క నుంచీ చూసి, "తక్కెడే కదరా" అన్నారు. అలాంటిదేనమ్మా అన్నాడు అతను. ఆ ఒక్క మాట చేసిన పనికి కారణం వెతుక్కుంటూ అతను తర్వాత నెలల తరబడి తిరిగాడు.

గదికి కట్టుబాట్లు పెట్టాడు. లోపల దీపం పెట్టకూడదు, వేడి. గ్రైండరు పెరటి అవతలకి. గదిలోకి ఎవరూ వెళ్లకూడదు. మనిషి ఒంటి వేడికి కూడా అది చెదురుతుందని తను కూడా ఆదివారం పగలు మాత్రమే వెళ్లేవాడు. మిగతా రోజుల్లో కాలేజీ నుంచి వచ్చి వరండాలో కూర్చుని గీత చూసుకోవడమే. తాళంచెవి మా అత్తగారి బొడ్డున ఉండేది, ఇంట్లో అన్ని తాళంచెవుల్లాగే.

గీత బాగానే మొదలైంది. నాకు చూడ్డానికి చీమ పాకినట్టుండేది. అతనికి మాత్రం అందులో ఆనందం కనిపించేది. రోజులు గడిచేకొద్దీ లోపలి గాలి సద్దుమణిగి గీత సన్నబడుతూ వచ్చింది. అప్పుడు బయటపడింది రోగం. ప్రతి సందేళా గీతలో ముందు పెద్ద మూపు లేచేది. ఎద్దు మూపురంలా లేచి, కాసేపటికి దిగేది. దిగాక గీత మామూలు చోటికి రాకుండా ఒక చిన్న మెట్టు ఎక్కి అక్కడే నిలబడేది. రాత్రంతా ఆ మెట్టు మీదే. తెల్లవారుతుంటే మళ్లీ ఒక మూపు, గీత మెట్టు దిగి పగలంతా బుద్ధిగా ఉండేది.

ఇంట్లో అందర్నీ నిలబెట్టి అడిగాడు, సందేళ ఎవరైనా గదిలోకి వెళ్తున్నారా అని. నేను వెళ్లలేదన్నాను. మా ఆయన, ఆ గదిలో నాకేం పని, నా గదిలోకి వెళ్లడానికే జాడీలు దాటుకుని పోవాలి అన్నారు. మా అత్తగారు పప్పులో గరిటె తిప్పుతూ చాలా నిబ్బరంగా, "ఎవులూ ఎల్లనేదు" అన్నారు.

రైలేమో అనుకున్నాడు. రాజాంకి రైలు లేదు, చీపురుపల్లి దాకా పోవాలి. జూట్ మిల్లు షిఫ్టేమో అనుకున్నాడు, ఆ వేళలు కలవలేదు. గోడల వేడేమో అని గోడలకి థర్మామీటర్లు కట్టాడు, జ్వరం వచ్చినవాళ్లకి కట్టినట్టు. ఆదివారాలు గాజుపెట్టె చుట్టూ మోకాళ్ల మీద పాకి వెతికేవాడు. పెట్టె పక్కన, కుడివైపు గుండుకి ఎదురుగా, రాతిపలక మీద ఒక చిన్న ముగ్గు ఉండేది. ముగ్గు తొక్కకూడదని పుట్టినప్పటి నుంచీ పెంచారు కదా, దాన్ని తొక్కకుండా జాగ్రత్తగా దాటి అవతల వెతికేవాడు.

చివరికి అతని అనుమానం వీధిదీపాల మీద పడింది. సందేళ వెలిగేవీ, తెల్లారి ఆరేవీ అవే కదా. కరెంటు హెచ్చుతగ్గులకి పరికరం ఒరుగుతోందని తీర్మానించి, తిరిగి తిరిగి, బతిమాలి, ఒక సాయంత్రం మా వీధి దీపాలు వెలిగించకుండా చేయించాడు. వీధంతా చీకటి. ఎదురింటి పెద్దాయన కాలవలో కాలు పెట్టాడు. రెండిళ్ల అవతల గొలుసు దొంగ వచ్చాడని పుకారు లేచి, ఆ చీకట్లో దొంగనుకుని ఒకరినొకరు పట్టుకున్నారు. కాలవ ఆయన తడిసిన పంచెతో మా అరుగు మీద నిలబడి, మా మావగారిని ఉద్దేశించి, "ఒరే బావా, మీ గుంటడికి సుక్కలు కనిపించాలంటే డాబా ఎక్కమను, మా నడుములిరగ్గొట్టకు" అన్నాడు. ఇంత జరిగాక వరండాలోకి వెళ్లి చూస్తే, గీత యథావిధిగా మూపు లేచి మెట్టెక్కి కూర్చుంది.

ఆ రాత్రి అతను అన్నం తినలేదు. మావగారు మర్నాడు కొట్టులో కొత్త పరుపుని ఎండలో వేయించారు.

ప్రొఫెసరు గారు వస్తానన్న రోజు వచ్చింది. సన్నగా, మర్యాదగా ఉన్నారు. మధ్యాహ్నం పనసపొట్టు కూర ఆవ పెట్టి చేశాను. రెండుసార్లు వేయించుకున్నారు. తర్వాత గీతలన్నీ ముందు వేసుకుని ఒక్కొక్కటే తిరగేశారు. చివరికి మా మరిదితో చెప్పారు, ఈ మెట్టు ఎందుకొస్తోందో చెప్పలేని పరికరం ఎంత చిన్నదాన్ని పట్టగలదని నువ్వు రాసినా ఎవరూ నమ్మరు, నేను సంతకం పెట్టలేను అని. నెమ్మదిగానే చెప్పారు. మా మరిది తలూపాడు. గుమ్మంలో నిలబడ్డ మావగారు కొట్టు వైపు చూశారు.

అయితే వచ్చినందుకు ఆ మెట్టు ఎక్కడం కళ్లారా చూసి పోతానన్నారు ప్రొఫెసరు గారు. ఆఖరి బస్సుకి ఇంకా టైముంది. అందరం వరండాలో కంప్యూటరు ముందు చేరాం. మావగారు కూడా కొట్టు మా ఆయనకి ఒప్పజెప్పి వచ్చి కూర్చున్నారు. ఎండ దిగింది. కాకులు గూళ్లకి పోతున్నాయి. గీత చీమలా పాకుతోంది. ఉన్నట్టుండి మూపు లేచింది.

ప్రొఫెసరు గారు తలెత్తి వరండాలో మనుషుల్ని ఒక్కొక్కరినీ చూశారు. తర్వాత, ఇంట్లో ఇంకెవరు ఉన్నారు అని అడిగారు.

అప్పుడు గదివైపు వెళ్లాం. తలుపు ఓరగా తీసుంది. మా అత్తగారు లోపల గాజుపెట్టె పక్కన వంగి, ముగ్గు మధ్యన ఇత్తడి కుంచం నిండా బియ్యం, మీద గోపురంలా పోసి, సర్దుతున్నారు. మమ్మల్ని చూసి కూడా ఆగలేదు. పని పూర్తి చేసి, లెంపలు వేసుకుని, లేచారు.

"ఏటి సేస్తన్నావమ్మా?" అన్నాడు మా మరిది. కాలేజీలో చేరాక అతని నోట ఆ యాస నేను వినలేదు.

"ఏటి సేస్తాను? సందేళ కాలేదేటి? తక్కెడ కాళీగా ఒగ్గీమంటావేటి?"

"గదిలోకి ఎవులూ ఎల్లలేదన్నావు కదే."

"ఎవులెల్లేరు? నానెల్లేను. నా ఇంట్లో నాను ఎవులో ఒకదాన్నేటి?"

పళ్లెం ఉంటే నాలుగు గింజలు వేసి ఊరుకునేదాన్ని, మా వాడు పళ్లెం లేని తక్కెడ తెచ్చాడు, అందుకని కాళ్ల దగ్గర కుంచం పెడుతున్నానని ప్రొఫెసరు గారికి వివరించారు. దీపం వద్దన్నాడు, దీపం పెట్టలేదు. ఆ పెట్టెని ముట్టుకోవద్దన్నాడు, ముట్టుకోలేదు. పొద్దున్నే ఆ బియ్యమే తీసి ఎసట్లో పోస్తున్నాను. ఇందులో తప్పేమిటని అడిగారు. నిజానికి ఆవిడ రోజూ కుంచంతో వెళ్లడం నేనూ చూసేదాన్నే. ఆ ఇంట్లో సందేళ తక్కెడకి బియ్యం పెట్టడమంటే వాకిట్లో నీళ్లు జల్లడం లాంటిది. కళ్ల ముందు జరిగినా జరిగినట్టు ఎవరికీ అనిపించదు.

మా మరిది గోడకి చేరబడిపోయాడు. ప్రొఫెసరు గారు మాత్రం కుంచం వైపు, గాజులోపల గుండు వైపు మార్చి మార్చి చూస్తూ నవ్వడం మొదలుపెట్టారు. ముందు లోపల్లోపల, తర్వాత పైకి. అందర్నీ వరండాలోకి నడిపించి, మా అత్తగారిని మాత్రం ఆపారు. అమ్మగారూ, నేను చెప్పినప్పుడు కుంచం తీసేసి ఇవతలకి రండి, మళ్లీ చెప్పినప్పుడు పెట్టి రండి అన్నారు.

ఆవిడ తీశారు. మూపు లేచింది, సద్దుమణిగాక గీత మెట్టు దిగింది. పెట్టారు. మూపు లేచింది, గీత మెట్టెక్కింది. మెట్టు అంతే ఎత్తు, దారం పట్టి కొలిచినట్టు. మళ్లీ తీయమన్నారు, మళ్లీ పెట్టమన్నారు. ఒక్కోసారికి గీత సద్దుమణగడానికి చాలాసేపు పట్టేది. మావగారు కుర్చీ ముందుకి లాక్కుని, "ఎక్కింది... దిగింది" అని మిర్చి వేలంపాటలా కేకలు పెట్టడం మొదలుపెట్టారు. ఆఖరి బస్సు వెళ్లిపోయింది. ఎవరికీ పట్టలేదు.

మెట్టు బియ్యానిదైతే మరి ముందు లేచే ఆ పెద్ద మూపు దేనిది అని అడిగాను. మా మరిది గొంతు సవరించుకుని, అది అమ్మది అన్నాడు. బరువున్నది ఏది పక్కకి వచ్చినా గుండు దానివైపు పిసరంత లాగబడుతుందట, తాకక్కర్లేదట. ప్రొఫెసరు గారు పోల్చి చూడాలని నన్ను కూడా కుంచంతో పంపించారు. నా మూపు అందులో సగమే. ఆ సంగతి మా ఆయనకి ఇప్పటికీ అప్పుడప్పుడు గుర్తు చేస్తుంటాను. మా అత్తగారు తెరముందు నిలబడి, నానెంత ఉంటానంటోందది అని అడిగారు. అది అంత కచ్చితంగా చెప్పదులే అమ్మా అన్నాడు కొడుకు. జీవితంలో అతను ఆడిన మొదటి అబద్ధం అదేనని నా అనుమానం. అదే జీవితంలో అతను చేసిన మొదటి బేరం కూడా.

ఆ తర్వాత ప్రొఫెసరు గారు చెప్పింది నాకు బాగా గుర్తు. ఇన్నాళ్లూ నువ్వు రోగమనుకున్నదే నీ కొలత అన్నారు. ఇంత బరువు ఇంత దూరంలో ఉంటే ఎంత లాగుతుందో కాగితం మీద లెక్క కట్టొచ్చు. అంత లాగితే గీత ఇంత జరిగింది. అంటే గీత ఎంత జరిగితే ఎంత లాగుడో ఇప్పుడు తెలిసిపోయింది. పగలు ఖాళీగా ఉన్నప్పుడు అది ఎంత వణుకుతోందో నీ దగ్గర ఉండనే ఉంది. రెండూ కలిపితే ఎంత చిన్న లాగుడు దీనికి తెలుస్తుందో చెప్పొచ్చు. పైన ఎగిరేవాటికి కూడా ఇదే బాధట. ఉపగ్రహంలో పెట్టిన సామానే, అటూ ఇటూ ఏ కొంచెం తేడాగా ఉన్నా, దిమ్మెని తనవైపు లాగుతుందట. ఏ మేకు ఎక్కడుందో, ఎంత బరువో లెక్కకట్టి మరీ సర్దుతారట. తాకకుండా ఒక కుంచెడు బియ్యం పక్కనుందని కనిపెట్టింది నీ పరికరం, ఇంకేం కావాలి అన్నారు.

అది విని మా అత్తగారు ఆశ్చర్యపోలేదు. "బియ్యం లాగవేటి? లాగకపోతే సందేళయ్యేసరికి మీరంతా ఇంటికెందుకొస్తన్నారు?" అన్నారు.

బియ్యం బరువు కావలసొచ్చింది. కుంచెడు అన్నారు ఆవిడ. గ్రాముల్లో కావాలన్నారు ప్రొఫెసరు గారు. కొట్టు కాటా మీద తూచాం. తూచాక, ఆకారం లెక్కకి సరిగ్గా ఉండాలంటే మీద గోపురం ఉండకూడదు, చేత్తో చదును చేసి పెట్టమన్నారు. అక్కడ మా అత్తగారు మొదటిసారి ఎదురు తిరిగారు. చదును చేసి కొలిచేది ఊళ్లోవాళ్లకి అమ్మేటప్పుడు, లక్ష్మికి కూడా అలాగే కొలుస్తారా అని. మీరైనా చెప్పండి అని ప్రొఫెసరు గారు మావగారి వైపు చూస్తే, ఆయన వెంటనే తెరవైపు తిరిగి చాలా శ్రద్ధగా గీతని చూడసాగారు. ఆఖరికి ప్రొఫెసరు గారే ఓడిపోయి, గోపురం ఎత్తూ వాలూ కొలుచుకుని, దానికి కూడా లెక్క కట్టారు. ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకున్నారు. పొద్దున్నే కాగితం మీద సంతకం పెట్టారు. అన్నంలో పప్పు కలుపుకుంటూ, ఇది ఆ బియ్యమేనా అని అడిగారు. అదేనన్నాను.

తర్వాత ఒక చిక్కు మిగిలింది. గీత రోజుల తరబడి ఏకబిగిన చదునుగా సాగాలట, సందేళ మెట్టు ఉండకూడదట. ఖాళీగా వదలనని ఆవిడ, కదిపితే కుదరదని ఇతను. నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు. చివరికి ఒప్పందం కుదిరింది. కుంచం అక్కడే ఉంటుంది, పొద్దున తియ్యరు, సందేళ పెట్టరు. కదలని బరువు ఉన్నా గీతకి లేనట్టేనట. ఆవిడ దృష్టిలో తక్కెడ నిండుగానే ఉంది, అతని దృష్టిలో గీత చదునుగా ఉంది. కొన్నాళ్లు హాయిగా గడిచింది. తర్వాత గీతలో సన్నటి చిలిపి వణుకేదో మొదలైంది. వెళ్లి చూస్తే బియ్యానికి పురుగు పట్టి, ముక్కుపురుగులు కుంచం దిగి, గాజు ఎక్కి, తీగ బిగించిన కన్నంలోంచి లోపలికి దూరి, కడ్డీ మీద షికారు చేస్తున్నాయి. మావగారికి ఇది తెలిసి, లక్షల మైళ్ల అవతల సంగతి తర్వాత, ముందు పురుగులకి సమాధానం చెప్పుకోమన్నారు. బియ్యం తీసి పొట్టుతో ఉన్న ధాన్యం పోశాక అంతా కుదుటపడింది. ధాన్యం మా కొట్టుదే, మావగారే ఏరి పంపించారు. మంచి రకం.

విశాఖపట్నంలో ఆఖరి పరీక్షకి మేమంతా వెళ్లాం. కూర్చుని చూడొచ్చన్నారు. బయటి నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, కొలత కోసం వాడిన బరువు ఏమిటని అడిగారు. మా మరిది చెమట తుడుచుకుని, కుంచెడు బియ్యం అన్నాడు. హాలంతా నవ్వు. ఎందుకు నవ్వుతున్నారో మా అత్తగారికి అర్థం కాలేదు. ఆవిడ వెనక వరసలోంచి కొంగు సర్దుకుంటూ, గోపురంతో కలిపి అని నాతో అన్నారు, నలుగురికీ వినపడేలా. డాక్టరేటు వచ్చింది. ఉద్యోగం నిలిచింది.

ఇంటికి వచ్చిన మర్నాడు మావగారు ఆ కొత్త పరుపుని కొట్టులోంచి తీయించి వరండాకి పంపించారు, కంప్యూటరు ముందు కుర్చీలో వెయ్యమని. మా మరిది దానిమీద మొదట అంచున కూర్చున్నాడు, అది కరుస్తుందేమో అన్నట్టు. తర్వాత సర్దుకుని కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే, గది తలుపుకి తాళం వేసి వస్తూ, మా అత్తగారు మొట్టమొదటిసారి ఆకాశం సంగతి అడిగారు.

"ఒరే, పైకి పంపీ ఆ తక్కెడలు ఎన్నన్నావు?"

"మూడమ్మా."

"మూడూ కాళీయేనేటి?"

"ఖాళీగా ఉంటేనే పని చేస్తాయమ్మా."

ఆవిడ లోపలికి వెళ్లి, పాత పేపరు ముక్కలో గుప్పెడు బియ్యం పొట్లం కట్టి తెచ్చి అతని చేతిలో పెట్టారు. "నీకు తెలిసినోళ్లు ఎవులైనా ఉంటే ఇచ్చీరా, ఎగరగొట్టీ ముందు ఏసీమను" అన్నారు.

అలాగేనమ్మా అన్నాడు. అది అతను ఆడిన రెండో అబద్ధం. ఆ పొట్లం కాలేజీలో అతని టేబులు సొరుగులో ఉంది. ఈపాటికి పురుగు పట్టే ఉంటుంది.